ఒంటికీ రెంటికీ ఏ వయసు?

పిల్లాడికి ఏడాదిన్నర నిండిందో లేదో, "ఇంకా డైపరేనా? మా పిల్లలు ఏడాదికే చెప్పేవాళ్ళు" అంటారు ఇంట్లో పెద్దవాళ్ళు. డాక్టరుగారేమో "తొందరేం లేదమ్మా, వాడే చెప్తాడు" అంటారు. మధ్యలో నలిగేది తల్లి. నిజానికి ఈ రెండు మాటల వెనకా పెద్ద చరిత్రే ఉంది.

1914లో అమెరికా ప్రభుత్వ బాలల విభాగం తల్లుల కోసం 'ఇన్‌ఫంట్ కేర్' అనే చిన్న పుస్తకం వేసింది. రాసింది మిసెస్ మాక్స్ వెస్ట్. మూడో నెల నుంచే, కుదిరితే ఇంకా ముందే, ఈ అలవాటు మొదలుపెట్టమన్నారు అందులో. ఇంటింటా వాషింగ్ మెషీన్ లేని రోజులవి. ఒక గుడ్డ తగ్గితే అంత చాకిరీ తగ్గినట్టే. అయితే తిట్టొద్దు, కొట్టొద్దు, బిడ్డ బెదిరిపోతుందని కూడా ఆవిడే రాశారు. 1930లకు వచ్చేసరికి ఆ పుస్తకంలో మెత్తదనం పోయి గడియారం వచ్చింది. రోజూ తప్పకుండా అదే వేళకు కూర్చోబెట్టాలి!

1946లో డాక్టర్ బెంజమిన్ స్పాక్ తన పుస్తకంతో ఆ పట్టు సడలించారు. ఆ తర్వాత 1962లో డాక్టర్ బ్రేజెల్టన్, తాను పదేళ్ళపాటు చూసిన 1,170 మంది పిల్లల వివరాలు ప్రకటించారు. ఆయన పద్ధతిలో పద్దెనిమిది నెలలప్పుడు బట్టలతోనే పాటీ మీద ఊరికే కూర్చోబెడతారు. ఇష్టం లేదంటే ఆపేస్తారు. అలా పగటిపూట అలవాటు పడడానికి సగటున 28.5 నెలలు పట్టింది. సరిగ్గా ఆ ముందు ఏడాదే, 1961లో, వాడి పారేసే పాంపర్స్ బజార్లోకి వచ్చాయి. 1990ల చివర్లో బ్రేజెల్టన్ పాంపర్స్ ప్రకటనల్లోనూ కనిపించారు. ఆగడం తల్లులకు తేలికైంది, అమ్మేవాళ్ళకు లాభమైంది.

మరి పెద్దవాళ్ళు చెప్పేది గొప్పలేనా? కాదు. 1977లో తూర్పు ఆఫ్రికాలోని డిగో తెగ తల్లుల గురించి ఒక పరిశోధన వచ్చింది. వాళ్ళు మొదటి వారాల్లోనే మొదలుపెడతారు. కాళ్ళు చాపుకుని, బిడ్డను మధ్యలో కూర్చోబెట్టుకుని, నోటితో 'ష్' మని శబ్దం చేస్తారు. ఐదారు నెలలకల్లా బిడ్డ పక్క తడపడు. చదువుతుంటే మన అమ్మమ్మలే గుర్తొచ్చారు. పాదాల మీద కూర్చోబెట్టుకుని 'ఉస్స్' అనడం మనకు తెలియనిదా?

ఇక్కడే అసలు తిరకాసు. అమ్మమ్మల పద్ధతిలో నేర్చుకునేది ముందు తల్లి. బిడ్డ మొహం చూసి వేళ కనిపెడుతుంది. దానికి రోజంతా ఎవరో ఒకరు ఒళ్ళో పెట్టుకోవాలి. డాక్టర్ల పద్ధతిలో నేర్చుకునేది బిడ్డ. తనకు వస్తోందని తెలిసి, చెప్పి, నడిచి వెళ్ళి, నిక్కరు తనే దించుకోవాలి. రెండూ వేరువేరు పనులు. ఒకదాని వయసుతో రెండోదాన్ని కొలిచి తల్లిని తప్పుపట్టడం న్యాయం కాదు.

రెండు గంటలు పొడిగా ఉండడం, తడిస్తే చిరాకు పడడం, చిన్న చిన్న మాటలు విని చెయ్యడం, సైగతోనైనా చెప్పడం: ఇవి కనిపిస్తే మొదలుపెట్టొచ్చు. మొండికేస్తే కొన్ని వారాలు ఆగండి. బలవంతం చేస్తే బిగబట్టుకోవడం, మలబద్ధకం మొదలవుతాయి. తిట్టొద్దన్న 1914 నాటి మాటకు మాత్రం ఇప్పటికీ కాలదోషం పట్టలేదు.