బాయిలరు పరీక్ష నుంచి పసిబిడ్డ దాకా

ఈసారి కొంచెం బరువైన విషయం, ఓపికగా చదవండి.

అత్తిపట్టు థర్మల్ స్టేషనులో పనిచేసే మన అన్నదమ్ములకు యు.టి. అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. గొట్టాన్ని కోయకుండా, వెల్డింగు లోపల పగులుందేమో శబ్దతరంగాలతో కనిపెట్టే పరీక్ష. గర్భిణులకు తీసే స్కాను కూడా ఆ కుటుంబంలోదే.

1955లో గ్లాస్గో ప్రసూతి వైద్యుడు ఇయాన్ డొనాల్డ్, ఆపరేషన్లలో తీసిన గడ్డల్ని కార్లో వేసుకుని రెన్‌ఫ్రూలో బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ అనే బాయిలర్ల కంపెనీకి వెళ్లాడు. పగుళ్లు పట్టే వాళ్ల యంత్రంతో వాటిని పరీక్షించాడు. పోల్చి చూడడానికి ఓ పెద్ద మాంసం ముక్క కూడా పెట్టారట! నీటితిత్తి ఒకలా, గట్టి గడ్డ ఇంకోలా ప్రతిధ్వనించాయి. 1958లో మెక్‌వికార్, ఇంజనీరు టామ్ బ్రౌన్‌లతో కలిసి లాన్సెట్ పత్రికలో రాశాడు. అంటే ప్రాణం లేనిదాన్ని చూడడం ఈ విద్యకు మొదటి రోజునుంచీ ఉన్న పనే.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, కడుపులోనే పోయిన బిడ్డనీ, పుట్టిన వారంలోపు పోయిన బిడ్డనీ మనం కారణం తెలుసుకోకుండానే పూడ్చేస్తాం. ఆ తర్వాత నింద కోడలి మీద పడుతుంది. గ్రహణం రోజు బయటికొచ్చిందనీ, జాతకం మంచిది కాదనీ. పోస్టుమార్టం అంటే "పసిగుడ్డును కోస్తారా?" అని పెద్దవాళ్లు అడ్డుపడతారు. వాళ్ల బాధను నేను తప్పు పట్టను.

కోయకుండా చూసే దారి వెతికినవాళ్లున్నారు. లండను వైద్యులు 400 మంది శిశువుల, పిల్లల మరణాలను ఎం.ఆర్.ఐ.తో, రక్తం, మాయ వంటి పరీక్షలతో చూశారు. 357 కేసుల్లో ఫలితం పూర్తి పోస్టుమార్టంతో సరిపోయిందని 2013లో లాన్సెట్‌లో వచ్చింది. ఎం.ఆర్.ఐ. ఖరీదైనది, అన్నిచోట్లా దొరకదు. అందుకే మామూలు స్కానుతోనే మరణించిన శిశువులను చూసే పద్ధతి కూడా పెరిగింది. కర్ణాటకలోని దావణగెరెలో సూదితో చిన్న ముక్కలు తీసి పరీక్షించే పరిశోధన కూడా జరిగింది.

స్కానుకు హద్దులున్నాయి. మెదడులో రక్తస్రావం, ఛాతీలో నీరు, మూత్రపిండాల లోపం బాగానే చూపిస్తుంది. గుండె లోపాల దగ్గర తడబడుతుంది. బిడ్డ పోయి కొన్ని రోజులు కడుపులోనే ఉండిపోతే బొమ్మ మసకబారుతుంది. ఇన్ఫెక్షన్ తేలాలంటే ల్యాబే కావాలి. మాయను తప్పకుండా పరీక్షించాలి, చాలాసార్లు కారణం అందులోనే ఉంటుంది. మనమేమో ముందు దాన్నే పారేస్తాం.

మనలో మేనరికాలు ఎక్కువ కదా. కిడ్నీ నిండా నీటితిత్తులతో పోయిన బిడ్డకు, తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే జన్యులోపం అని తేలిందనుకోండి. ఆ దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. తెలిస్తే తర్వాతి గర్భానికి ముందే జన్యు వైద్యుణ్ణి కలవచ్చు. అలాంటి ఇంట్లో ఆ లోపం కొడుకు వైపు నుంచి కూడా వచ్చిందని అత్తగారికి డాక్టరే చెప్పగలరు.