మరుగుజ్జు పాత్ర - గనిశ్రమ చరిత్ర: కర్నూలు వజ్రభూముల నేపథ్యంలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ఆటగాళ్లు కొందరు ఒకచోట కూర్చుని, తలా ఒక కల్పిత వ్యక్తి పాత్రను స్వీకరించి, సంభాషణల ద్వారా కథను నడుపుకొనే క్రీడలను పాత్రధారణ క్రీడలు (రోల్‌ప్లేయింగ్ గేమ్స్) అంటారు. వీటికి ఆద్యమైన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'ను గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో అమెరికాలో ప్రచురించారు. ఆటగాడు ఎంచుకోదగిన జాతులలో మరుగుజ్జు మొదటినుండీ ఉన్నాడు. నేటికీ అతనికి ఆదరణ తగ్గలేదు. మాంత్రికుని శక్తి గాని, వనదేవతా జాతుల సౌందర్యం గాని లేని ఈ పొట్టి, గడ్డపు, మొండి మనిషిని ఆటగాళ్లు కోరి ఎందుకు ఎంచుకుంటారు? ఈ ప్రశ్నకు సమాధానం గనుల చరిత్రలో ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. వజ్రగనులకు లోకప్రసిద్ధమైన కర్నూలు సీమలో అటువంటి పాత్ర ఎందుకు రూపొందలేదో విచారిస్తే ఆ సమాధానం మరింత స్పష్టమవుతుంది.

గని నుండి ఆటబల్ల వరకు

1974 నాటి నియమావళిలో మరుగుజ్జుకు పరిమితులే ఎక్కువ. అతడు యోధుడు మాత్రమే కాగలడు. ఆరవ స్థాయిని దాటి ఎదగలేడు. అందుకు బదులుగా అతనికి దక్కినవి మంత్రశక్తులకు లొంగని దార్ఢ్యం, నేలమాళిగలలో వాలుదారులను, ఉచ్చులను, కదిలే గోడలను, కొత్తగా కట్టిన భాగాలను పసిగట్టే నేర్పు. ఈ రెండవది గమనింపదగినది. అది యోధుని గుణం కాదు, గనిపనివాని వృత్తిజ్ఞానం. స్థాయి పరిమితులను 2000 నాటి మూడవ కూర్పు తొలగించింది. వృత్తిజ్ఞానం మాత్రం పాత్రను విడిచిపోలేదు.

ఈ గుణాలకు సమీపమూలం జె.ఆర్.ఆర్. టోల్కీన్ 1937లో ప్రచురించిన 'ది హాబిట్'. డ్రాగన్ పాలైన తమ పర్వతాన్ని, పూర్వులు మలిచిన స్వర్ణసంపదను తిరిగి సాధించుకోవడానికి బయలుదేరిన మరుగుజ్జుల కథ అది. వారి పేర్లను టోల్కీన్ ప్రాచీన నార్స్ కావ్యం 'వోలుస్పా'లోని నామావళి నుండి గ్రహించాడు. నార్స్ గాథలలో దేవతల ఆయుధాలను, ఆభరణాలను తయారుచేసేవారు మరుగుజ్జులే. థోర్ సుత్తె వారి కొలిమిలోనిదే.

పురాణగాథ ఒక్కటే ఈ పాత్రను తీర్చిదిద్దలేదు. 16వ శతాబ్దిలో సాక్సనీ గనుల మధ్య జీవించిన గియోర్గ్ అగ్రికోలా, భూగర్భ ప్రాణులపై 1549లో వెలువరించిన గ్రంథంలో గనులలో కనిపించే పొట్టి భూతాలను వర్ణించాడు. వాటిలో సాధువులు కొన్ని గనిపనివారి దుస్తులే ధరించి, తవ్వుతున్నట్లు, ఖనిజాన్ని మోస్తున్నట్లు అభినయిస్తాయి. నిజానికి ఏ పనీ చేయవు. వెండి దొరకక, విషవాయువు వెలువరించే రాయి మాత్రమే దొరికినప్పుడు జర్మన్ కార్మికులు ఆ నింద 'కోబోల్డ్' అనే భూతంపై వేసేవారు. కోబాల్ట్ లోహానికి ఆ పేరు అలా వచ్చినదే.

అగ్రికోలా భూతం కార్మికుని దుస్తులు ధరించడం ఈ చర్చకు కీలకం. మధ్య యూరపులో గనిపనివాడు గుర్తింపు గల వ్యక్తి. గోస్లార్ పట్టణపు రామెల్స్‌బర్గ్ గనిలో రోగులైన, వికలాంగులైన కార్మికులను ఆదుకొనే సోదరసంఘం ప్రస్తావన 1260 నాటికే కనిపిస్తుంది. సంఘం, ప్రత్యేక వేషం, హక్కులు, వృత్తిగర్వం ఉన్న మనిషికే భూగర్భంలో ఒక ప్రతిరూపం పుట్టింది. ఆటలోని మరుగుజ్జు వంశగౌరవం, మాట తప్పని పట్టుదల, బాకీ మరువని కక్ష, పనితనంపై గర్వం అనే నాలుగింటినీ ఆ వారసత్వంగానే పొందాడు. ఆటగాడికి ఇవి సిద్ధంగా ఉన్న చేతికర్రలు. పాత్రను కొత్తగా ఊహించనక్కరలేదు; ఒక ఇంటిపేరు, ఒక పని, ఒక పాతపగ ఉంటే పాత్ర తానే నడుస్తుంది.

రామళ్లకోట, మోటుపల్లి

నేడు కర్నూలు నగరంలో కలిసిపోయిన కల్లూరు నుండి దక్షిణంగా వెళ్తే వెల్దుర్తి మండలంలో రామళ్లకోట వస్తుంది. (గుంటూరు సీమలో కృష్ణాతీరాన ఉన్న కొల్లూరు గని వేరు, పేర్ల సామ్యం వల్ల పొరబడరాదు.) ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే 17వ శతాబ్దిలో చూసి వర్ణించిన 'రావొల్కొండ' గని ఈ రామళ్లకోటేనని వి. బాల్ గుర్తించాడు. ఆ గుర్తింపుపై అభిప్రాయభేదాలున్నా, వర్ణన దక్కను గనిశ్రమకు అమూల్యమైన సాక్ష్యం. బండలలో అర వేలు నుండి వేలెడు వెడల్పు గల సన్నని చారలుంటాయి. కొసన వంచిన ఇనుప కడ్డీలను వాటిలోకి దూర్చి, మట్టిని లాగి, పాత్రలకెత్తి, అందులో వజ్రాలను వెదుకుతారు. ఇది ఏ నార్స్ కొలిమికీ తీసిపోని నేర్పు. ఆ నేర్పు గల మనిషికి ఏడాదికి దక్కే కూలి మాత్రం మూడు వరహాలు.

ఒంటిమీద గోచి తప్ప మరేమీ లేని ఆ కూలీలు రాళ్లను మింగి దాచుకుంటారన్న అనుమానంతో, యాభై మందికి పన్నెండు నుండి పదిహేను మంది కావలివారిని వర్తకుడు నియమించేవాడు. కంటి మూలలో వజ్రం దాచి పట్టుబడినవాని సంగతి కూడా తావెర్నియే చెప్పాడు. పెద్ద రాయిని కనుగొన్నవానికి దక్కే బహుమానంలో తలపాగాకు సరిపడే నూలుబట్ట ఒకటి. ఇక్కడ దుస్తు కార్మికుని హోదాకు గుర్తు కాలేదు. యజమాని అరుదుగా చేసే దయ అయింది. అగ్రికోలా భూతం ధరించడానికి రామళ్లకోటలో వేషమే లేదు.

మరి ఇక్కడి గనుల చుట్టూ ఏ కథలు అల్లుకున్నాయి? 13వ శతాబ్ది చివర మార్కోపోలో 'ముత్‌ఫిలి' రాజ్యం గురించి, అనగా మోటుపల్లి రేవు గల కాకతీయ రాజ్యం గురించి, రాస్తూ వజ్రాల లోయ కథను చెప్పాడు. పాములు నిండిన ఆ లోయలోకి మనుషులు దిగలేరు. మాంసపు ముక్కలు విసిరితే వాటికి వజ్రాలు అంటుకొంటాయి. గద్దలు మాంసాన్ని పైకి తెస్తాయి. సింద్‌బాద్ కథలోనూ ఇదే ఉంది. గని తెరిచేముందు నిక్షేపాలను కాచే దుష్టశక్తుల తృప్తికై పశుబలి ఇచ్చే ఆచారం, ఆ మాంసానికై మూగే పక్షులు ఈ కథకు మూలమని బాల్ వివరించాడు. పాములు ఆ రక్షకశక్తులకే ప్రతీకలు. వివరణ సమంజసంగానే ఉంది. అయితే బాల్ దృష్టికి రాని అంశం ఒకటుంది: ఈ కథలో తవ్వేవాడు లేడు. పాము కాస్తుంది, గద్ద తెస్తుంది, వర్తకుడు ఏరుకుంటాడు. కొల్లూరులో పురుషులు తవ్వగా స్త్రీలు, పిల్లలు మట్టి మోసేవారనీ, అందరూ కలిసి అరవై వేలమంది దాకా ఉండేవారనీ తావెర్నియే రాసినా, అంత జనం కథలోకి ఒక్క పాత్రగానైనా రాలేదు.

విభక్తమైన దేహం

యూరపు మరుగుజ్జులో నిధి, శిల్పం, శ్రమ, భూగర్భనివాసం అనే నాలుగు లక్షణాలు ఒకే దేహంలో చేరాయి. తెలుగువారు ఎరిగిన సంప్రదాయంలో ఈ నాలుగూ నలుగురికి పంచబడ్డాయి. నిధి కుబేరునిది, పొట్టిగా, బొజ్జతో మలిచిన అతని రూపం, అతని యక్షుల రూపం అందరికీ తెలిసినదే. అమరావతి శిల్పాలలో పొడవాటి పూలదండను మోసే మరుగుజ్జు యక్షులున్నారు. శిల్పనైపుణ్యం విశ్వకర్మది, మయునిది. వారు పొట్టివారు కారు. భూగర్భం నాగులది, లంకెబిందెలపై పాము పడగ విప్పి ఉంటుందన్న నమ్మకం నేటికీ వినిపిస్తుంది. ఇక మోత గణాలది. బాదామి గుహల అధిష్ఠానాలపై మరుగుజ్జు గణాలు బారులు తీరి ఉంటాయి. కర్నూలుకు సమీపాన తుంగభద్ర ఆవలి అలంపురం నవబ్రహ్మాలయాలు ఆ చాళుక్యులు కట్టించినవే. ఆటలోని మరుగుజ్జుకు ఈ నేలపై అత్యంత సమీపబంధువు బరువు మోసే ఈ గణమే. దానికి పేరుండదు, ఇంటిపేరుండదు, పగ ఉండదు.

ఈ విభజనకు కారణం కల్పనాదారిద్ర్యం అనుకోవడం తప్పు. తవ్వినవానికి నిధిపై హక్కు లేదు, నేర్పుకు గుర్తింపు లేదు, నేలపై అధికారం లేదు. విడిపోయిన ఈ హక్కులే విడిపోయిన దేవతలుగా నిలిచాయని భావించవచ్చు.

పొట్టి దేహానికి మన రంగస్థల సంప్రదాయం ఇచ్చిన స్థానం మరొకటి. నాట్యశాస్త్రం వామనులను, కుబ్జులను అంతఃపుర పరిచారకులలో చేర్చింది. నటరాజు పాదం కింద అణగిన అపస్మారుడు మరుగుజ్జే. వామనావతారం గొప్ప మినహాయింపుగా తోస్తుంది. కాని అక్కడ మహిమ త్రివిక్రముడై పెరగడంలో ఉంది, పొట్టితనం అందుకు మారువేషం మాత్రమే. పాత్రధారణ క్రీడలోని మరుగుజ్జు పెరగడు. పెరగకుండానే నాయకుడౌతాడు. ఈ దృష్టితో చూస్తే, సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1989లో తమిళంలో వచ్చి, తెలుగులో 'విచిత్ర సోదరులు'గా ప్రసిద్ధమైన చిత్రంలోని సర్కస్ మరుగుజ్జు విశిష్టుడు. తండ్రిని చంపినవారిని అతడు బలంతో కాక, యంత్రాలవంటి చిత్రమైన అమరికలతో మట్టుబెడతాడు. పనితనం, పాతపగ, పెరగని దేహం మూడూ ఒకచోట కలిశాయి. ఆ పాత్రను ధరించినది మాత్రం సాధారణమైన ఎత్తు గల కమల్‌హాసన్.

వేషం ఎవరిది, దేహం ఎవరిది అన్న ఈ ప్రశ్న ఆటబల్ల దగ్గరా తప్పదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, వయోజనుల ఎత్తు 147 సెంటీమీటర్లు లేక అంతకు తక్కువగా ఉండే స్థితిని మరుగుజ్జుతనంగా నిర్వచించి వైకల్యాల జాబితాలో చేర్చింది. ఆటలో గడ్డలి పట్టి గర్వంగా నడిచే పేరే వీధిలో వెక్కిరింతగా వినవలసివచ్చే వ్యక్తులు వీరు. తెలుగులో ఇటువంటి క్రీడలను రూపొందించేవారు యూరపు మరుగుజ్జును యథాతథంగా దిగుమతి చేసుకుంటే ఆ దేహమే వస్తుంది, గనిచరిత్ర రాదు. రామళ్లకోట వంకర కడ్డీని, మూడు వరహాల కూలిని, కావలివాని అనుమానాన్ని పాత్రకు ఇవ్వగలిగితే పొట్టితనంతో పనే ఉండదు.

తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి చేలలో నేటికీ జనం వజ్రాల కోసం వంగి వెదుకుతుంటారు. దొరికిన రాయి వర్తకుని చేతికి చేరుతుంది. మరుసటి రోజు ఊళ్లో చెప్పుకొనే కథలో రాయి ధర ఉంటుంది, కొన్నవాని ప్రస్తావన ఉంటుంది. ఏ చారలో, ఏ రంగు మట్టిలో, ఏ గుర్తు చూసి దానిని పట్టుకున్నారన్నది మాత్రం కథలోకి రాదు.