హైదరాబాద్‌లో చైన్ హోటల్ బుక్ చేస్తున్నారా? బోర్డు కన్నా ముందు ఏరియా, లెక్క, షరతులు చూడాలి

నిజామాబాద్, కరీంనగర్, మహబూబ్‌నగర్, కర్నూలు, కడప వైపు నుంచి హైదరాబాద్ వచ్చే కుటుంబాల్లో చాలామంది పని మీద వస్తారు. ఆసుపత్రిలో చూపించుకోవాలి, వీసా ఇంటర్వ్యూ ఉంది, అమ్మాయి షాదీకి బట్టలు, నగలు కొనాలి, తెల్లవారుజామున గల్ఫ్ ఫ్లైట్ ఎక్కే కొడుకును సాగనంపాలి. ఒకప్పుడు ఇలా వచ్చినవాళ్లు బంధువుల ఇంట్లో దిగేవారు, లేదంటే నాంపల్లి స్టేషన్ దగ్గర లాడ్జి చూసుకునేవారు. ఇప్పుడు చాలామంది ఫోన్‌లో పేరున్న చైన్ హోటల్ బుక్ చేసుకుని బయల్దేరుతున్నారు. శుభ్రమైన గది దొరుకుతుంది, ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఇబ్బంది పడరు అన్న నమ్మకం. ఈ నమ్మకం చాలావరకు నిజమే. కానీ పేరు ఒక్కటే చూసి డబ్బు కట్టేస్తే, గది బాగున్నా పని చెడిపోయే అవకాశం ఉంది.

చైన్ అంటే ఓనర్ ఒకరే అని కాదు

ఒకే పేరు, ఒకే రకం గదులు, ఒకే రకం నిబంధనలతో చాలా ఊళ్లలో నడిచే హోటళ్లను చైన్ అంటారు. వీటిలో కొన్నింటికి కంపెనీయే ఓనర్. కొన్నింటిలో బిల్డింగ్ వేరేవాళ్లది, నడిపేది కంపెనీ. మరికొన్ని ఫ్రాంచైజీలు. అంటే బిల్డింగ్, స్టాఫ్ అన్నీ స్థానిక యజమానివే, పేరు, బుకింగ్ సిస్టమ్ మాత్రం కంపెనీవి. అందుకే ఒకే బోర్డు ఉన్న రెండు హోటళ్లలో సర్వీసు ఒకేలా ఉండకపోవచ్చు.

ఓయో, ట్రీబో, ఫ్యాబ్‌హోటల్స్ వంటివి ఇంకో రకం. ఇవి ఎక్కువగా అప్పటికే ఉన్న చిన్న హోటళ్లను తమ పేరు కిందకు తెచ్చుకుంటాయి. ధర తక్కువే, కానీ ఒక్కో బ్రాంచ్ ఒక్కోలా ఉంటుంది. ఇక్కడ కంపెనీ పేరు మీద వచ్చిన రేటింగ్ పనికిరాదు. తీసుకోబోయే బ్రాంచ్ గురించి గత రెండు మూడు నెలల్లో వచ్చిన రివ్యూలు, అతిథులు పెట్టిన ఫొటోలు చూడాలి.

పేరు దగ్గర కూడా జాగ్రత్త. అబిడ్స్‌లో పేరున్న తాజ్‌మహల్ హోటల్‌కు, టాటాల తాజ్ గ్రూపుకు సంబంధం లేదు. రెండూ వేర్వేరు సంస్థలు.

నగరంలో ఏ స్థాయిలో ఏవి

ఖరీదైన వాటిలో బంజారాహిల్స్‌లోని తాజ్ కృష్ణా, పార్క్ హయత్, బేగంపేటలోని ఐటీసీ కాకతీయ, హైటెక్ సిటీ వైపు ట్రైడెంట్, వెస్టిన్, ఐటీసీ కోహెనూర్ ఉన్నాయి. పాతబస్తీలోని ఫలక్‌నుమా ప్యాలెస్‌ను కూడా 2010 నుంచి తాజ్ గ్రూపే హోటల్‌గా నడుపుతోంది. మధ్యస్థాయిలో నోవోటెల్, లెమన్ ట్రీ ప్రీమియర్, రాడిసన్, హాలిడే ఇన్ ఎక్స్‌ప్రెస్ వంటివి కనిపిస్తాయి. పొదుపు స్థాయిలో ఐబిస్, లెమన్ ట్రీ వాళ్ల రెడ్ ఫాక్స్, తాజ్ నడిపే కంపెనీదే అయిన జింజర్ ఉన్నాయి. పొదుపు స్థాయి చైన్లలో గది చిన్నది, లగేజీ మోసే మనిషి ఉండకపోవచ్చు, కానీ మంచం, బాత్రూమ్, ఏసీ, లిఫ్ట్ విషయంలో ఒక కనీస స్థాయి ఉంటుంది. రెండు రాత్రుల పనికి వచ్చినవాళ్లకు ఇది చాలు.

ముందు పని ఎక్కడో చూడాలి

చైన్ హోటళ్లు ఎక్కువగా హైటెక్ సిటీ, గచ్చిబౌలి, బంజారాహిల్స్, బేగంపేట వైపే ఉన్నాయి. చార్మినార్ చుట్టుపక్కల మధ్యస్థాయి చైన్ హోటల్ దొరకడం కష్టం. కాబట్టి పని ఏ వైపు ఉందో తేలాకే హోటల్ పేరు వెతకాలి.

అమెరికా వీసా: కాన్సులేట్ 2023 మార్చి నుంచి నానక్‌రామ్‌గూడలో ఉంది. అంతకుముందు బేగంపేట పైగా ప్యాలెస్‌లో ఉండేది. పాత అలవాటుతో ఇప్పటికీ కొందరు బేగంపేటలో దిగమని సలహా ఇస్తుంటారు. వేలిముద్రలు, ఫొటో తీసుకునే కేంద్రం హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో ఉంది. ఈ రెండింటికీ హైటెక్ సిటీ, గచ్చిబౌలి హోటళ్లే అనుకూలం. అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉన్న అడ్రస్ ఒకసారి చూసుకుని బుక్ చేయాలి.

ఆసుపత్రి: నిమ్స్ పంజాగుట్టలో, బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి బంజారాహిల్స్‌లో, ఏఐజీ గచ్చిబౌలిలో, ఒవైసీ ఆసుపత్రి కంచన్‌బాగ్‌లో ఉన్నాయి. గచ్చిబౌలిలో గది తీసుకుని కంచన్‌బాగ్‌కు రోజూ తిరగడం పేషెంట్‌కు శిక్షే.

షాదీ కొనుగోళ్లు: పత్తర్‌గట్టి, మదీనా, లాడ్ బజార్ తిరిగేవాళ్లు నాంపల్లి, అబిడ్స్, కోఠి వైపు దిగితే మధ్యాహ్నం సామాను గదిలో పెట్టి మళ్లీ బజారుకు వెళ్లొచ్చు. ఇక్కడ పెద్ద చైన్ కన్నా మంచి పేరున్న స్థానిక హోటలే పనికొస్తుంది.

ఎయిర్‌పోర్ట్: శంషాబాద్‌కు మెట్రో లేదు. తెల్లవారుజామున ఫ్లైట్ ఉంటే ఎయిర్‌పోర్ట్ దగ్గరి హోటల్‌లో గానీ, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కడానికి వీలైన గచ్చిబౌలి వైపు గానీ దిగడం మంచిది. హజ్ యాత్రికుల క్యాంప్ నాంపల్లి హజ్ హౌస్‌లో పెడతారు కాబట్టి సాగనంపడానికి వచ్చే బంధువులకు నాంపల్లే దగ్గర.

మెట్రో ఉన్న చోట హోటల్ కొంచెం దూరమైనా ఫర్వాలేదు. మియాపూర్ - ఎల్బీ నగర్ లైన్ నాంపల్లి, లక్డీకాపూల్, పంజాగుట్ట, అమీర్‌పేట మీదుగా వెళ్తుంది. అమీర్‌పేటలో మారితే నాగోల్ - రాయదుర్గం లైన్‌లో హైటెక్ సిటీ చేరొచ్చు. గచ్చిబౌలి లోపలికి, చార్మినార్ దాకా మెట్రో లేదు. అక్కడ ఆటో, క్యాబ్ ఖర్చు కలుపుకోవాలి.

లెక్క వేస్తే ఏది చవక?

ఒక పేషెంట్, తోడు ఒకరు. గచ్చిబౌలి ఆసుపత్రిలో మూడు రోజుల పని, రెండు రాత్రుల బస. కింది అంకెలు లెక్క కోసం అనుకున్నవి. ఎవరి రేటు వాళ్లు వేసుకుని చూసుకోవచ్చు.

నాంపల్లిలో గది రోజుకు రూ.1,500 అనుకుంటే రెండు రాత్రులకు రూ.3,000, జీఎస్టీ రూ.150. క్యాబ్ ఒక్కో వైపు రూ.450 చొప్పున ఆరుసార్లు అంటే రూ.2,700. రెండు ఉదయాల టిఫిన్ ఇద్దరికీ రూ.300. మొత్తం రూ.6,150.

ఆసుపత్రి దగ్గర్లో టిఫిన్‌తో కలిపి చైన్ హోటల్ గది రూ.3,000 అనుకుంటే రెండు రాత్రులకు రూ.6,000, జీఎస్టీ రూ.300. ఆటో రూ.50 చొప్పున ఆరుసార్లు రూ.300. మొత్తం రూ.6,600.

గది రేటు రెట్టింపు, కానీ చివరికి తేడా రూ.450. అంతా కలిపి ఆరుసార్లు ట్రాఫిక్‌లో నలిగే బాధ తప్పుతుంది. అదే కుటుంబంలో ఐదుగురు ఉంటే లెక్క తిరగబడుతుంది. చైన్ హోటళ్లు సాధారణంగా ఒక గదిలో ఇద్దరు పెద్దవాళ్లు, ఒకరిద్దరు చిన్నపిల్లలను మాత్రమే అనుమతిస్తాయి. మూడో పెద్దమనిషికి అదనపు చార్జీ, అంతకుమించితే రెండో గది. పెద్ద కుటుంబానికి సర్వీస్ అపార్ట్‌మెంట్ గానీ, నలుగురికి గది ఇచ్చే స్థానిక హోటల్ గానీ నయం.

రూ.7,500 గీత

2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు రూ.7,500 వరకు ఉన్న గదిపై జీఎస్టీ 5 శాతం. అంతకుముందు 12 శాతం ఉండేది. రూ.7,500 దాటితే 18 శాతం. గది రూ.7,500 అయితే పన్నుతో రూ.7,875. అదే రూ.7,600 అయితే పన్నుతో రూ.8,968. రేటులో తేడా వంద రూపాయలే, జేబు నుంచి పోయేది రూ.1,093 ఎక్కువ. ఈ గీత దగ్గర ఉన్న గది తీసుకునేవాళ్లు డిస్కౌంట్ అడగడంలో తప్పులేదు.

భోజనం బిల్లు కూడా చూడాలి. గత ఆర్థిక సంవత్సరంలో రూ.7,500 దాటిన రేటుకు గది ఇచ్చిన హోటల్ అయితే అక్కడి రెస్టారెంట్‌లో 18 శాతం జీఎస్టీ పడుతుంది. మిగతా చోట్ల 5 శాతం. సర్వీస్ చార్జ్ మాత్రం తప్పనిసరి కాదు. 2022 జూలైలో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలను 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. బిల్లులో కనిపిస్తే తీసేయమని అడగొచ్చు. నీళ్ల సీసా విషయం వేరు. హోటల్‌లో కూర్చోబెట్టి ఇచ్చే సీసాకు ఎంఆర్‌పీ కన్నా ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. గదిలో ఉచితంగా పెట్టిన సీసాలు ఏవో, డబ్బులు పడేవి ఏవో ముందే తెలుసుకోవాలి.

టైమ్, క్యాన్సిలేషన్, ఐడీ

చాలా చైన్లలో చెక్ ఇన్ మధ్యాహ్నం 2 గంటలకు, చెక్ ఔట్ 12 గంటలకు. రాత్రి బస్సులో, రైల్లో వచ్చి ఉదయం 5 గంటలకు దిగేవాళ్లకు ఇక్కడే చిక్కు. ముందుగా గది ఇస్తారా, దానికి ఎంత తీసుకుంటారో బుకింగ్‌కు ముందే ఫోన్ చేసి అడగాలి. గది లేకపోయినా లగేజీ ఉంచుకుంటారా, వుజూకు, బట్టలు మార్చుకోవడానికి చోటు ఉందా అని కూడా కనుక్కోవాలి.

ఒకే గదికి రెండు రేట్లు కనిపిస్తాయి. తక్కువ రేటు పక్కన ‘నాన్ రిఫండబుల్’ అని ఉంటే క్యాన్సిల్ చేసినా డబ్బు రాదు. ఆపరేషన్ తేదీ మారొచ్చు, వీసా స్లాట్ జరగొచ్చు. ఇలాంటి పనికి కొంచెం ఎక్కువైనా క్యాన్సిల్ చేసుకునే వీలున్న రేటే తీసుకోవాలి.

గదిలో ఉండే పెద్దవాళ్లందరి ఐడీ కావాలి. పాన్ కార్డులో అడ్రస్ ఉండదు కాబట్టి చాలాచోట్ల ఒప్పుకోరు. ఆధార్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్‌లో ఒకటి ఒరిజినల్ దగ్గర పెట్టుకోవాలి. ఆధార్ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. కొన్ని చిన్న హోటళ్లు హైదరాబాద్ అడ్రస్ ఉన్న ఐడీకి గది ఇవ్వవు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల కోసం నగరంలో ఉండే కొడుకు తన పేరు మీద బుక్ చేసేటప్పుడు ‘లోకల్ ఐడీ’ షరతు ఉందేమో చూసుకోవాలి.

హలాల్, నమాజ్, రంజాన్

హైదరాబాద్ హోటల్ కదా, హలాలే ఉంటుందిలే అని అనుకోకూడదు. విదేశీ అతిథులు ఎక్కువగా దిగే హోటళ్లలో ఉదయం బఫేలో పంది మాంసం సాసేజ్, బేకన్ పెట్టే అవకాశం ఉంది. చికెన్, మటన్ హలాలేనా, పంది మాంసానికి గిన్నెలు, గరిటెలు వేరుగా ఉంటాయా అని అడిగితే కిచెన్ వాళ్లు చెబుతారు. గదిలోని మినీ బార్‌లో మద్యం ఉంటే తీసేయమని రిసెప్షన్‌లో చెబితే సరిపోతుంది. జానమాజ్ వెంట తెచ్చుకోవడం మేలు. హైదరాబాద్ నుంచి ఖిబ్లా సరిగ్గా పడమర కాదు, కొద్దిగా ఉత్తరం వైపు ఉంటుంది.

రంజాన్‌లో వచ్చేవాళ్లు టిఫిన్ కలిపిన రేటు తీసుకుంటే డబ్బు వృథా. గది మాత్రమే ఉన్న రేటు తీసుకుని, సహ్రీ టైమ్‌కు గదికి భోజనం పంపుతారా అని అడగాలి. కొన్ని హోటళ్లు టిఫిన్‌కు బదులు సహ్రీ పార్సిల్ ఇవ్వడానికి ఒప్పుకుంటాయి.

జనవరి 1 నుంచి ఫిబ్రవరి మధ్య దాకా నాంపల్లిలో నుమాయిష్ ఉంటుంది. మాదాపూర్ వైపు హైటెక్స్, హెచ్ఐసీసీలో పెద్ద సమావేశాలు జరిగినప్పుడు అక్కడి హోటళ్ల రేట్లు పెరుగుతాయి. తేదీ మన చేతిలో ఉంటే ఇవి తప్పించుకోవాలి.

బుకింగ్ ఉన్నా గది ఇవ్వకపోతే

డబ్బు కట్టాక కౌంటర్‌లో గది లేదన్నా, కొత్త షరతు చెప్పి తిప్పి పంపినా వాదనతో రాత్రి గడపక్కర్లేదు. కారణం మెయిల్‌లో గానీ, మెసేజ్‌లో గానీ రాసివ్వమని అడగాలి. బుకింగ్ స్క్రీన్‌షాట్, డబ్బు కట్టిన రసీదు దాచుకోవాలి. వెంటనే చైన్ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి దగ్గర్లోని వాళ్ల ఇంకో బ్రాంచ్‌లో గది అడగొచ్చు. చైన్‌లో దిగడం వల్ల ఉండే అసలు లాభాల్లో ఇదొకటి.

అక్కడా పరిష్కారం కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కేసు కోసం హైదరాబాద్ తిరగాల్సిన పనిలేదు. తాము ఉండే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి.