చెట్టు ఎవరిది?

కెనడాలో మేపుల్ చెట్టుకు చిన్న రంధ్రం పెట్టి తీసిన నీళ్లను 40 లీటర్ల దాకా మరిగిస్తే ఒక్క లీటరు పాకం దిగుతుంది. ఆ నీళ్లలో చక్కెర 2 శాతమే. మా రామన్నపేట దిక్కు తాటిచెట్టు ఇచ్చే నీరాలో 10 శాతం పైనే ఉంటుంది. అయినా చెట్టురసం అంటే వాళ్లకు తీపి, మనకు కల్లు. ఎందుకట్లా?

ఒక కారణం ఎండ. మేపుల్ నీళ్లు పారేది మంచు కరిగే చలిలో. మన దగ్గర తెల్లారగానే దించిన నీరా పొద్దెక్కేసరికి పొంగి పులుస్తది. లొట్టి లోపల సున్నం పూస్తే కొంత ఆగుతుంది. దాన్ని మరిగిస్తే తాటిబెల్లం అవుతుంది. ఆంధ్ర ప్రాంతంలో ఆ బెల్లం ఇప్పటికీ వండుతున్నారు.

రెండో కారణం ఆబ్కారీ. నిజాం సర్కారుకు భూమిశిస్తుతో పాటు పెద్ద రాబడి అదే. 1316 ఫసలీలో, అంటే 1906-07లో, హైదరాబాద్ ఆబ్కారీ చట్టం వచ్చింది. చెట్టు గీయాలంటే సర్కారుకు పన్ను కట్టాలె. కల్లు అమ్మే హక్కు వేలంలో గుత్తేదారుకు పోయేది. మోకు, ముస్తాదు వేసుకొని పైకి ఎక్కిన గౌడుకు మిగిలింది కూలి. సర్కారుకు ఆదాయం కల్లులో ఉన్నప్పుడు గీతకారుడు బెల్లం వైపు చూసేదెట్లా?

ఈ లెక్కను తిరగేయాలన్నది గీత కార్మికుల ఉద్యమం. సూర్యాపేటకు చెందిన బొమ్మగాని ధర్మభిక్షం దానికి పెద్ద దిక్కు. సాయుధ పోరాటంలో నుంచి వచ్చిన మనిషి. తర్వాత 1991, 1996లలో నల్లగొండ ఎంపీ. గుత్తేదారును తప్పించి గీసేవాడికే చెట్టు ఇవ్వాలన్న డిమాండు నుంచే గీత సహకార సంఘాలు, ‘ట్రీ ఫర్ ట్యాపర్’ పద్ధతి వచ్చాయి. పన్ను పుస్తకాల్లో పేరు లేని మనిషికి లైసెన్సు మీద పేరొచ్చింది. నా లెక్కన ఇది చిన్న గెలుపు కాదు.

కానీ చెట్టు ఎత్తు తగ్గలేదు. మేపుల్ రైతు నేల మీద నిలబడి పని చేస్తడు. మనవాళ్లు కాటమయ్యకు మొక్కి ఎక్కుతరు. జారితే నడుము విరుగుతది, లేదా ప్రాణం పోతది. నడుముకు పట్టీ, తాడు ఉన్న ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్లను ప్రభుత్వం ఇవ్వడం మొదలుపెట్టింది 2024లో. చెట్టు మీద పన్ను వేసుడు మాత్రం వందేండ్ల కిందనే తెలుసు.

2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచారు. అక్కడ గ్లాసు పట్టుకుంటే రుచి ఒక్కటే అడగకండి. ఆ చెట్టు ఎవరు ఎక్కిండ్రు, ఎంత దక్కిందో కూడా అడగండి.