పతకం అంచున పేరు

దేశభక్తికి రుజువేదని అడిగినప్పుడల్లా మేం 1965 యుద్ధంలో ప్రాణమిచ్చి పరమవీరచక్ర పొందిన అబ్దుల్ హమీద్ పేరు చెబుతాం. ఇక చాలు. పతకం రుజువు కాదు, ప్రశ్న.

మొదటి ప్రపంచయుద్ధం (1914-18) నాటి బ్రిటిష్ వార్ మెడల్ చూడండి. ముఖం ఐదో జార్జిది. అంచున చెక్కిన పేరు సిపాయిది. సిపాయికి వెండి, కూలిదళాలకు కంచు.

కర్నూలు, కడప బడుల్లో చరిత్ర పాఠం ఆ అంచు దగ్గర మొదలుపెట్టండి. ఈ పేరు ఎవరిది? ఏ పటాలం? సీమ కరువే తరిమిందా? మన సిపాయిలు ఎక్కువమంది వెళ్లింది మెసపొటేమియాకి. ఎదుట తుర్కీ ఖలీఫా సైన్యం. జీతం ఇంగ్లీషువాడిది, జుమ్మా ఖుత్బాలో దువా ఖలీఫాకి. ఆ ముసల్మాను ఎలా తట్టుకున్నాడు?

పిల్లలు ఇంటింటికీ పోయి అడగాలి. పక్కింటి తాతదీ, మా దాదాదీ ఒకే పటాలమని తేలొచ్చు. అప్పుడు రుజువు ఎవర్ని అడుగుతారు?