యిన్ యోగా

యిన్ యోగా: ఆసనంలో కండరాలను వదులుగా ఉంచి, కొన్ని నిమిషాలపాటు కదలకుండా నిలిచే సాధన. ఆసనాలు చాలావరకు నేలమీద కూర్చొని, పడుకొని వేసేవే. ఒక్కోదానిలో సాధారణంగా 3 నుంచి 5 నిమిషాలు ఉంటారు. అనుభవం ఉన్నవారు ఇంకా ఎక్కువసేపు ఉంటారు. చైనా తాత్విక చింతనలో నిశ్చలత్వం, చల్లదనం, లోచూపు యిన్ లక్షణాలు. చలనం, వేడి యాంగ్ లక్షణాలు. ఈ పద్ధతి 20వ శతాబ్దం చివరి భాగంలో అమెరికాలోని కాలిఫోర్నియాలో రూపుదిద్దుకుంది.

పూర్వరంగం

ఆసనం స్థిరంగానూ సుఖంగానూ ఉండాలని, ప్రయత్నాన్ని సడలిస్తేనే అది సిద్ధిస్తుందని పతంజలి యోగసూత్రాలు చెబుతాయి. 15వ శతాబ్దంలో స్వాత్మారాముడు రచించిన హఠయోగప్రదీపిక 15 ఆసనాలను వర్ణించింది. వాటిలో శవాసనం అలసటను పోగొట్టి చిత్తానికి విశ్రాంతినిస్తుందని పేర్కొంది. చైనాలో ఇలాంటి దేహసాధనను దావోయిన్ అంటారు. చాంగ్షా దగ్గర మావాంగ్‌దుయిలో క్రీ.పూ. 168 నాటి సమాధిని 1970ల తొలినాళ్లలో తవ్వినప్పుడు, ఈ భంగిమలు వేస్తున్న 44 మంది బొమ్మలున్న పట్టుచిత్రం దొరికింది. తర్వాతి రెండు వేల ఏళ్లలో ఈ విద్య చైనాలోని దావో మత సాధకుల ద్వారా, యుద్ధవిద్యల గురువుల ద్వారా కొనసాగింది.

కాలిఫోర్నియాలో ఆవిర్భావం

కుంగ్‌ఫూ పోటీల విజేత పాలీ జింక్, హాంకాంగ్‌కు చెందిన చో చాట్ లింగ్ వద్ద వానర శైలి యుద్ధవిద్యతోపాటు దావో సాధనలూ నేర్చుకున్నాడు. 1970ల చివరి నుంచి వాటిని ‘దావో యోగా’ పేరుతో బోధించాడు. ఆయన పద్ధతిలో నిశ్చల భంగిమలతోపాటు జంతువుల కదలికలూ ఉండేవి.

అప్పటికే చెమటోడ్చే ఆసనాలు సాధన చేస్తున్న పాల్ గ్రిల్లీ 1980ల చివర్లో జింక్‌ను ఆశ్రయించాడు. నిశ్చల భాగాన్ని ప్రత్యేకంగా తీసుకొని, దానికి శరీర నిర్మాణశాస్త్రాన్ని జోడించాడు. కండరాలకు లయబద్ధమైన శ్రమ అవసరమైతే, కీళ్ల చుట్టూ ఉండే సంధిబంధనాల వంటి కణజాలాలకు నెమ్మదైన, దీర్ఘమైన సాగదీత తగినదని వాదించాడు. జపాన్‌కు చెందిన షింతో పూజారి, పరిశోధకుడు హిరోషి మోతోయామా (1925–2015) నుంచి ప్రాణశక్తి నాడుల సిద్ధాంతాన్ని స్వీకరించాడు.

గ్రిల్లీ బోధనలో అత్యంత విలువైనది ఎముకల వైవిధ్యంపై ఆయన పట్టుదల. తుంటి కీలు ఆకృతి మనిషి మనిషికీ మారుతుంది కనుక ఒకే ఆసనం ఇద్దరిలో ఒకేలా కనిపించనక్కరలేదు. ముందుకు వంగినప్పుడు తల మోకాలికి తాకకపోవడం సాధనలో లోపం కాదు. ఈ పద్ధతిలో స్వీయ అంగీకారానికి శరీరపరమైన ఆధారం ఇదే.

ఆయన శిష్యురాలు సారా పవర్స్ ఈ సాధనకు బౌద్ధ ధ్యానాన్ని కలిపింది. భంగిమలో ఉన్నంతసేపూ తలెత్తే అసౌకర్యాన్ని, దిగులును, విసుగును తోసేయకుండా గమనించడం ఆమె నేర్పిన పాఠం. ‘యిన్ యోగా’ అనే పేరు ప్రచారంలోకి రావడానికీ ఆమే కారణం. గ్రిల్లీ పుస్తకం 2002లోనూ, పవర్స్ ‘ఇన్‌సైట్ యోగా’ 2008లోనూ వెలువడ్డాయి. కెనడాకు చెందిన బెర్నీ క్లార్క్ తన రచనలతో ఈ విద్యను విస్తృతంగా వ్యాప్తి చేశాడు.

సాధనా విధానం

తగినంత సాగుదల తెలిసే చోట ఆగడం, కదలకుండా ఉండటం, సమయం ఇవ్వడం అనేవి మూడు ప్రధాన నియమాలు. కండరాలను బిగించరు కనుక పరిచితమైన ఆసనాలకు సైతం వేరే పేర్లు పెట్టారు: బద్ధకోణాసనాన్ని పోలినది సీతాకోకచిలుక, పశ్చిమోత్తానాసనాన్ని పోలినది గొంగళిపురుగు. దిండ్లు, మడతపెట్టిన దుప్పట్లు ఆసరాగా వాడతారు. పదునైన నొప్పి, తిమ్మిరి కలిగితే వెంటనే భంగిమ నుంచి బయటికి రావాలి. కీళ్లు సహజంగానే మరీ వదులుగా ఉన్నవారు, గర్భిణులు ముందుగా వైద్యసలహా తీసుకోవాలి.

పరిశీలనలు

ఒత్తిడితో ఉన్న 105 మంది వయోజనులపై స్వీడన్ పరిశోధకులు జరిపిన అధ్యయనం 2018లో వెలువడింది. ఐదు వారాల యిన్ యోగా కార్యక్రమాల తర్వాత పాల్గొన్నవారిలో ఒత్తిడి, ఆందోళన తగ్గినట్టు అది తెలిపింది. ప్రాణశక్తి నాడుల ఉనికికి మాత్రం విజ్ఞానశాస్త్ర నిరూపణ లేదు. ఆ సిద్ధాంతాన్ని నమ్మినా నమ్మకపోయినా, తన దేహపు హద్దును గుర్తించి అక్కడ ఆగడమే ఈ సాధనలో ప్రధానం.