హెర్2: ఎలుక కణితి నుంచి కడుపు క్యాన్సర్ రిపోర్టు దాకా

మాచర్ల, గురజాల వైపు నుంచి కడుపు క్యాన్సర్‌తో గుంటూరు పెద్దాసుపత్రికో, హైదరాబాద్‌కో వెళ్లేవాళ్ల ఫైల్లో బయాప్సీ రిపోర్టు ఉంటుంది. అందులో ‘హెర్2’ అని ఒక లైను. ఇంటివాళ్లు మాత్రం దాని సంగతి అడగరు. ‘‘మా నాన్న ఎన్నాళ్లుంటాడు సార్?’’ అంటారు. క్యాన్సర్‌లో ప్రొటీన్ గుర్తుల వేట చాలావరకు ఆ ప్రశ్న చుట్టూనే సాగింది.

వాటిలో పాతవాటిలో ఒకటి సీఈఏ. 1965లో మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ పెద్దపేగు క్యాన్సర్‌లో దాన్ని పట్టుకున్నారు. కడుపు క్యాన్సర్‌లోనూ ఆపరేషన్‌కు ముందు రక్తంలో అది బాగా పెరిగి ఉంటే మంచి సూచన కాదు. కానీ సీఈఏ జోస్యం చెప్పి ఊరుకుంటుంది, చేయడానికేమీ ఇవ్వదు.

హెర్2 దారి వేరు. 1980ల మొదట్లో అమెరికాలో రాబర్ట్ వైన్‌బర్గ్ ల్యాబ్‌లో ఎలుకల నాడీ కణితుల్లో దాని జన్యువు బయటపడింది. 1985లో మనుషుల్లో దొరికింది. మరుసటి ఏడే జపాన్ పరిశోధకులు కడుపు క్యాన్సర్ కణాల్లో ఆ జన్యువు ప్రతులు విపరీతంగా పెరిగి ఉండటం చూశారు. హెర్2 ఎక్కువుంటే ఆయుష్షు తగ్గుతుందా అన్నదానిపై ఒక అధ్యయనం అవునంది, ఇంకొకటి కాదంది. ఆ వాదన నేటికీ తేలలేదు.

2010లో అసలు మలుపు వచ్చింది. 24 దేశాల్లో జరిగిన ‘టోగా’ పరీక్షలో ముదిరిన కడుపు క్యాన్సర్ ఉన్న హెర్2 పాజిటివ్ రోగులకు కీమోతో పాటు ఆ ప్రొటీన్‌ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ అనే మందు ఇచ్చారు. మధ్యస్థ జీవితకాలం 11.1 నెలల నుంచి 13.8కి పెరిగింది. హెర్2 బాగా ఎక్కువున్నవాళ్లలో 16 నెలలు. తక్కువే అనిపించవచ్చు. కూతురి పెళ్లి పెట్టుకున్న తండ్రికి ఆ నెలలు తక్కువ కావు. అందరికీ ఈ మందు పనికిరాదు, పరీక్షించినవాళ్లలో నూటికి 22 మందే పాజిటివ్.

ఆ 22 మందిని పట్టుకోవడం తేలిక కాదు. స్లైడు మీద హెర్2 గోధుమరంగులో కనిపిస్తుంది. రొమ్ము క్యాన్సర్ కణానికి చుట్టూ రంగు పడుతుంది. కడుపు గ్రంథి కణానికి లోపలి అంచు వదిలేసి మూడు పక్కలే పడుతుంది. రొమ్ముకు వాడే పాత కొలతతో చూస్తే పాజిటివ్ కూడా నెగెటివ్ అయిపోతుంది, అందుకే 2008లో కడుపుకు వేరే లెక్క పెట్టారు. పైగా ఒకే గడ్డలో హెర్2 ఒకచోట ఉండి పక్కనే ఉండదు. ఒక్క ముక్క చాలదు, ఆరు నుంచి ఎనిమిది తీయాలి. తీసిన వెంటనే ఫార్మలిన్‌లో వేయాలి. నరసరావుపేటలో ఎండోస్కోపీ చేసే గదిలో ఆ క్షణం చూపే శ్రద్ధే తర్వాతి చికిత్సను నిర్ణయిస్తుందంటే అతిశయోక్తి కాదు. ఆ ముక్కలున్న మైనపు దిమ్మను, ‘బ్లాక్’ను, ల్యాబ్ నుంచి అడిగి తీసుకోవచ్చని ఎందరో బంధువులకు తెలియదు. చెప్పాల్సింది మనమే.

ఇక మందుల సంగతికొస్తే, 2014లో బెంగళూరు కంపెనీ బయోకాన్ ట్రాస్టుజుమాబ్‌ను మన దేశంలోనే తయారుచేసి మార్కెట్లోకి తెచ్చింది. 2024లో క్లాడిన్ 18.2 అనే మరో ప్రొటీన్‌ మీద పనిచేసే జోల్బెటుక్సిమాబ్‌కు జపాన్, అమెరికా అనుమతి ఇచ్చాయి. దాని పరీక్షకూ ఆ బ్లాక్ నుంచి కోసిన పొరే కావాలి.